ఇంట్లో కట్టుకునే విమానానికి ఫెయిరింగులు: ఏ రేకు తీసుకోవాలి, ఏ పద్ధతిలో వంచాలి?

రెక్క ఫ్యూజలేజ్‌ను (విమానం బాడీని) కలిసే మూల, ల్యాండింగ్ గేర్ కాలు పైకి వెళ్లి బాడీలో దూరే చోటు, తోక దగ్గర నిలువు పలకా అడ్డ పలకా కలిసే సందు. ఇలాంటి చోట్ల గాలి సాఫీగా జారిపోయేలా వేసే తొడుగులే ఫెయిరింగులు. ఇంట్లో విమానం కట్టుకునేవాళ్లు చివరిదాకా పక్కన పెట్టే పనులు ఇవే. ఇంజిన్ ఎక్కింది, వైరింగ్ అయింది, ఇక మిగిలింది ఫెయిరింగులే కదా అనుకుంటాం. తీరా మొదలుపెట్టాక నెలలు పడుతుంది. ఎందుకంటే అప్పటిదాకా మనం చేసిందంతా చదును రేకులను కత్తిరించి, మడిచి, రివెట్లు కొట్టడం. ఫెయిరింగ్ దగ్గరే మొదటిసారి రేకు రెండు వైపులా వంగాలి.

నేను ఒహాయోలో మా ఇంటి గ్యారేజీలో రెండు సీట్ల లోహపు విమానం కడుతున్నాను. ఫెయిరింగులు మొదలుపెట్టే ప్రతి ఒక్కరూ నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఇంగ్లిష్ వీల్ కొనాలా?" అని. రెండు చక్రాల మధ్య రేకును సాగదీసే యంత్రం అది. నా ఉద్దేశంలో ఆ ప్రశ్న చివర రావాలి. ముందు ఆకారం చూడాలి, తర్వాత రేకు తేల్చుకోవాలి, ఆ తర్వాతే పనిముట్టు. ఈ వరుస తిరగబడితే డబ్బు, రేకు, ఓపిక మూడూ పోతాయి.

అసలు ఫెయిరింగ్ ఎక్కడ బాగా లాభమో కూడా ముందే చూసుకోవాలి. గుండ్రటి గొట్టం గాలికి అడ్డంగా నిలబడితే వచ్చే డ్రాగ్‌లో (గాలి వెనక్కి లాగే బలంలో) సుమారు పదో వంతు మాత్రమే అంతే మందం ఉన్న నీటిచుక్క ఆకారానికి వస్తుంది. కాబట్టి గేర్ కాళ్లు గుండ్రటి రాడ్లయితే ముందు వాటికి తొడగండి. ఆ తర్వాత, కింది రెక్క విమానమైతే రెక్క మొదలు. అక్కడ రెక్క పైభాగమూ బాడీ పక్కభాగమూ వెనక్కి పోయేకొద్దీ విడిపోతుంటాయి, ఆ మూలలో గాలి నెమ్మదించి, విడివడి, సుడులు తిరుగుతూ పోయి తోకకు తగులుతుంది. పాత ప్రయాణికుల విమానం డీసీ-3 రెక్క మొదట్లో, వెనక అంచు వైపుకు పోయేకొద్దీ వెడల్పయ్యే పెద్ద ఒంపు పెట్టింది అందుకే. మిగతా చిన్న సందులు దాని తర్వాతే.

ముందు కాగితం పరిచి చూడండి

ఫెయిరింగ్ రావాల్సిన చోట థర్మోకోల్ ముక్కలు అతికించి, ఆకురాయితో అరగదీసి, కావలసిన ఆకారం నమూనా చేసుకోండి. విమానం మీద ప్లాస్టిక్ టేపు వేశాకే అతికించండి, లేకపోతే రంగూ రేకూ పాడవుతాయి. ఇప్పుడు దాని మీద మందపాటి కాగితం ఒకటి పరచండి. మూడింటిలో ఒకటి జరుగుతుంది.

కాగితం ముడత లేకుండా చుట్టుకుంటే మీకు ఒకవైపు వంపే ఉంది. గొట్టంలా, శంకువులా. సుత్తి ముట్టుకోనక్కరలేదు.

నడుమ ఆనుకొని, అంచుల దగ్గర పావడా కుచ్చుల్లా ముడతలు లేస్తే అది గిన్నె ఆకారం. అంచుల్లో రేకు ఎక్కువైంది. కాబట్టి అంచులు కుదించాలి, లేదా నడుమ సాగదీయాలి.

అంచులు అందక, కత్తెరతో నరకబెడితే ఆ గాట్లు విచ్చుకుంటే అది గుర్రం జీను ఆకారం. ఒకవైపు లోపలికి, ఇంకోవైపు బయటికి వంగి ఉంటుంది. ఇక్కడ అంచుల్లో రేకు చాలడం లేదు, అంచులు సాగాలి. రెక్క మొదలు, తోక మొదలు దగ్గర వచ్చే ఫెయిరింగులు దాదాపు అన్నీ ఈ జాతివే.

ఇది తెలియక నేను రెండు సాయంత్రాలు పోగొట్టుకున్నాను. తోక దగ్గర పెట్టే జానెడు ఫెయిరింగ్ అది. వంపు ఉంటే చాలు, ఇసుక సంచి మీద పెట్టి నడుమ కొట్టడమే అనుకున్నాను. కొట్టినకొద్దీ నాలుగు మూలలూ పైకి లేచాయి, నమూనాకు ఇంకా దూరమైంది. విజయవాడ ఆటోనగర్‌లో బస్సు బాడీల పని చేసిన మా బాబాయికి వీడియో కాల్‌లో చూపించాను. "నడిమి వదిలెయ్యరా. అంచుకి రేకు చాలట్లేదు, అంచు సాగదియ్యి" అన్నాడు. కొత్త ముక్క కోసి, చేతి స్ట్రెచర్‌తో (రేకు అంచును పట్టి సాగదీసే పనిముట్టుతో) రెండు పొడుగు అంచులూ కొద్దికొద్దిగా సాగదీస్తే ఇరవై నిమిషాల్లో నడుమ దానంతట అదే కిందికి దిగి కూర్చుంది. నడుమ ఒక్క దెబ్బ కూడా వేయలేదు.

గాట్లు పెట్టిన ఆ కాగితాన్ని పారేయకండి. ఏ గాటు ఎంత విచ్చుకుందో, ఎంత ఒకదానిమీద ఒకటి ఎక్కిందో అదే మీ పటం. ఎక్కడ ఎంత సాగదీయాలో దాని మీదే మార్కర్‌తో రాసుకోండి.

ఏ రేకు?

అల్యూమినియం రేకు పేరులో అంకెలు మిశ్రమాన్ని, వెనకున్న అక్షరం అది ఎంత గట్టి స్థితిలో ఉందో చెబుతాయి. విమానంలో మిగతా చర్మమంతా, అంటే పై రేకంతా, 2024-టీ3 కాబట్టి ఫెయిరింగూ దానితోనే చేద్దామనిపిస్తుంది. ఒకవైపు వంపుకు మంచిదే. రెండు వైపుల వంపుకు మాత్రం వద్దు. దాని బలం, అంటే సాగడం మొదలయ్యే ఒత్తిడి, సుమారు 345 మెగాపాస్కల్స్. కొద్దిగా కొట్టగానే గట్టిపడి అంచున చీలుతుంది. టార్చ్‌తో కాల్చి మెత్తబరుద్దామంటే, రాగి కలిసిన మిశ్రమం కాబట్టి దాని బలమూ పోతుంది, తుప్పు తట్టుకునే గుణమూ పోతుంది. దాన్ని మళ్లీ టీ3 లాంటి బలానికి తేవాలంటే 493 డిగ్రీల సెల్సియస్ దగ్గర కచ్చితంగా పట్టి ఉంచి, వెంటనే నీళ్లలో ముంచాలి. ఇంటి గ్యారేజీలో అయ్యే పని కాదు. పైగా గ్యాస్ వెల్డింగ్‌కు అసలు పనికిరాదు.

నా సలహా చాలామందికి ఒకటే: 3003-హెచ్14, 0.032 లేదా 0.040 అంగుళం మందం. మాంగనీస్ ఒక శాతం చిల్లర కలిసిన మామూలు రేకు. ఏ మెటల్ షాపులోనైనా దొరుకుతుంది, చవక. వచ్చినప్పుడు దాని బలం సుమారు 145 మెగాపాస్కల్స్. కాల్చి మెత్తబరిస్తే 40కి పడిపోతుంది, అప్పుడు చెప్పినట్టు వింటుంది. మళ్లీ సుత్తి దెబ్బలు తింటూ తింటూ గట్టిపడుతుంది. ఫెయిరింగ్ అయ్యేసరికి కొంత బలం తిరిగి వస్తుంది కాబట్టి వేరే హీట్ ట్రీట్‌మెంట్ అక్కరలేదు. చక్కగా వెల్డ్ అవుతుంది.

దీనికన్నా మెత్తనిది 1100. మొదటిసారి చేయి తిరగడానికి బాగుంటుంది, కానీ విమానం మీద పెడితే గుడ్డతో తుడిచేటప్పుడు కూడా సొట్ట పడుతుందేమోనని భయం వేస్తుంది. చక్రం దగ్గర, ప్రొపెల్లర్ గాలి నేరుగా కొట్టే చోట, అంటే ఎప్పుడూ వణికే చోట అయితే 5052 తీసుకోండి. హెచ్32 స్థితిలో సుమారు 193 మెగాపాస్కల్స్, వణుకుడికి త్వరగా చీలదు. కొట్టేటప్పుడు 3003 కన్నా త్వరగా గట్టిపడుతుంది, మధ్యమధ్యలో ఎక్కువసార్లు మెత్తబరచాల్సి వస్తుంది, వెల్డింగ్ కూడా కాస్త మొండిగా ఉంటుంది. కష్టం పెరిగినా ఆ చోటికి అదే సరైనది.

6061-ఓ కొని, వంచి, తర్వాత టీ6 చేయిద్దామని కొందరంటారు. బలం వస్తుంది, నిజమే. కానీ నీళ్లలో ముంచినప్పుడు పలచటి రేకు మెలితిరుగుతుంది, మళ్లీ సరిచేసుకోవాలి. బరువు మోయని ముక్కకు అంత అవసరం లేదు. ఇదే మాట ఇటువైపు నుంచి కూడా చెప్పాలి: బరువు మోసే ముక్క ఏదైనా సరే, ప్లాన్‌లో రాసిన రేకును మార్చి 3003 పెట్టకండి. ఫెయిరింగ్ అంటే గాలికి దారి చూపేది మాత్రమే. స్క్రూలన్నీ విప్పి పక్కన పెట్టినా విమానం బలంలో తేడా రాకూడదు. ఎగ్జాస్ట్ పొగ నేరుగా తగిలే చోట అల్యూమినియం ఊసే వద్దు, స్టెయిన్‌లెస్ రేకు వాడండి.

మెత్తబరచడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, రేకులు కరిగిపోయేది ఇక్కడే. ఇనుములా అల్యూమినియం ఎర్రబడదు. చూస్తుండగా ఏ మార్పూ ఉండదు, ఒక్కసారిగా బొక్క పడుతుంది. 3003 కరిగేది 650 డిగ్రీలకు దగ్గరలో, మనకు కావలసింది 410 చుట్టుపక్కల. తేడా తెలియాలంటే మసి కావాలి. టార్చ్‌లో ఎసిటిలీన్ ఒక్కటే వెలిగించి రేకు మొత్తం పలచగా నల్లగా పొగబెట్టండి. నల్లటి మసి తీగలు గాలిలో తేలతాయి, తలుపు తీసి మాస్కు పెట్టుకోండి. ఇప్పుడు ఆక్సిజన్ తెరిచి, మెత్తటి పెద్ద మంటతో, ఎక్కడా ఆపకుండా, గోడకు సున్నం వేసినట్టు అటూఇటూ తిప్పండి. మంట వెళ్లిన చోట మసి కాలిపోయి రేకు మళ్లీ తెల్లగా బయటపడుతుంది. అక్కడితో ఆ చోటు అయిపోయింది, ముందుకు జరగాలి. ఎండ పడే చోట ఇది సరిగా కనిపించదు, నీడలో చేయండి. నేను మసికి తోడు మార్కర్‌తో గీతలు కూడా గీస్తాను. గీత చెరిగిపోయిందంటే వేడి అందిందని రెండో సాక్ష్యం. 3003ని తర్వాత నీళ్లతో చల్లార్చినా నష్టం లేదు.

రేకు మీద గుర్తులు మార్కర్‌తోనే పెట్టండి. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ అల్యూమినియాన్ని తినేస్తుంది, సూదితో గీస్తే ఆ గీత దగ్గరే రేపు చీలిక మొదలవుతుంది.

ఏ పద్ధతి?

ఒకవైపు వంపు అయితే పని సులువు, దాన్ని కష్టం చేసుకోవద్దు. గేర్ కాళ్ల ఫెయిరింగ్‌కు 0.025 అంగుళం 2024-టీ3 గానీ 6061-టీ6 గానీ చాలు. లోపల సన్నటి గొట్టం పెట్టి, రేకును దాని చుట్టూ తిప్పి, రెండు అంచులూ కలిపి క్లాంప్ చేసి, పైనుంచి చెక్కతో మెల్లగా నొక్కుతూ వస్తే ముందు అంచు గుండ్రంగా దిగుతుంది. గట్టి రేకుకు ఉండే స్ప్రింగ్ గుణమే మిగతా ఒంపును అందంగా తెస్తుంది. ఇక్కడ మెత్తటి 3003 వాడితే ఆ అందం రాదు, అలలు అలలుగా కనిపిస్తుంది. బిగించేటప్పుడు మాత్రం ఓపిక పట్టాలి. విమానాన్ని జాకీల మీద లేపి, చక్రాలు నేల వదిలాక, నడిమి గీతకు సమాంతరంగా వెనక అంచు ఉందో లేదో దారం గుండు వేలాడదీసి చూడండి. కాస్త పక్కకు తిరిగి ఉంటే అది చిన్న చుక్కానిలా పనిచేసి విమానాన్ని ఒకవైపు లాగుతూనే ఉంటుంది. తప్పు ఎక్కడుందో తెలియక రెక్కల్లో వెతుక్కుంటాం.

చిన్న ముక్కలు, చుట్టూ అంచు మడత ఉన్నవి, ఒకేలాంటివి కుడి ఎడమ రెండు కావలసినవి: వీటికి చెక్క అచ్చు. గట్టి చెక్కతోనో ఎండీఎఫ్‌తోనో ఆకారం కోసి, రేకును దానికీ ఇంకో పలకకూ మధ్య బోల్టులతో బిగించి, బయటికి వచ్చిన అంచును చెక్క సుత్తితో కొద్దికొద్దిగా అచ్చు మీదికి దించాలి. ఒకచోట పూర్తిగా దించేసి పక్కకు వెళ్లొద్దు. చుట్టూ ఒక విడత, మళ్లీ చుట్టూ ఇంకో విడత. రేకు వెనక్కి కాస్త స్ప్రింగ్ అవుతుంది కాబట్టి అచ్చు అంచును రెండు మూడు డిగ్రీలు లోపలికి కోసుకోవాలి. ఎడమ ముక్కకు అచ్చు తిరగేసి చేయడం మరిచిపోకండి. రెండు కుడి చేతి ముక్కలు తయారై కూర్చున్నవాళ్లను నేను చూశాను.

కౌలింగ్ (ఇంజిన్ కప్పు) మీద ఉబ్బు, టోపీ లాంటి గుండ్రటి కప్పు, గిన్నె ఆకారం ఏదైనా అయితే ఇసుక సంచి, గుండ్రటి తల ఉన్న కొయ్య సుత్తి. పెంబర్తి పనివాళ్లు ఇత్తడి రేకును లక్క మీద పరిచి బొమ్మలు లేపుతారు. కింద ఉన్నది కాస్త లొంగితేనే రేకు దిగుతుంది. ఇసుక సంచి చేసే పనీ అదే. తోలు సంచిలో పొడి సన్న ఇసుక గట్టిగా నింపాలి, వదులుగా ఉంటే దెబ్బ అంతా ఇసుకే మింగేస్తుంది. అంచుకు కాస్త లోపల మొదలుపెట్టి, వలయాలుగా నడుమకు రావాలి. అంచున కుచ్చులు లేస్తాయి, టెన్షన్ పడొద్దు. మొద్దు మీద పెట్టి ఆ కుచ్చు రెండు పక్కలా ముందు నొక్కి, అది పారిపోకుండా పట్టి, అప్పుడు పైనుంచి కొట్టాలి. కుచ్చు తనలో తాను దిగిపోతే రేకు అక్కడ కుదించుకొని కాస్త మందమవుతుంది. చెదిరి పక్కకు పాకితే వట్టి ముడత అవుతుంది, ఆ ముడత మడత పడితే చీలుతుంది. ఈ దశలో రేకు వాల్‌నట్ గింజలా గతుకులుగా ఉంటుంది. చాలామంది దాన్ని చూసి ఆపేస్తారు. ఇక్కడి నుంచి డాలీ (చేతి ఇనుప దిమ్మ) మీద పెట్టి చదునైన స్లాపర్‌తో (బద్దలాంటి సుత్తితో) తేలికగా తడుతూ వస్తే గంటలో నున్నబడుతుంది. రివెట్ గన్, కంప్రెసర్ మీ దగ్గర ఎలాగూ ఉంటాయి, వాటితో నడిచే, రేకును నున్నచేసే ప్లానిషింగ్ హ్యామర్ అమర్చుకుంటే ఇంకా త్వరగా.

జీను ఆకారానికి, ముందే చెప్పాను, చేతి లివర్‌తో నడిచే ష్రింకర్ (అంచును కుదించేది), స్ట్రెచర్ జత. నా గ్యారేజీలో ఫెయిరింగుల కోసం కొన్న వాటిలో అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది ఇదే. దవడలు అంచు నుంచి ఒక అంగుళం లోపలికే అందుతాయి, వాటి పళ్ల గుర్తులు రేకు మీద పడతాయి. అందుకని రేకు అర అంగుళం ఎక్కువ ఉంచుకొని చివర్లో కోసేయండి, మిగిలిన గుర్తులను ఆకురాయితోనూ ఎమరీతోనూ పోగొట్టండి. ఒకేచోట పదిసార్లు నొక్కితే చీలిక ఖాయం. అంగుళం అంగుళం జరుగుతూ పోవాలి. సాగదీసే ముందు అంచు గరుకు తీసేయడం తప్పనిసరి, వేలు రాస్తే గీసుకోకూడదు.

మరి ఇంగ్లిష్ వీల్? అది మంచి యంత్రం. పై చక్రం చదును, కింది చక్రం గుండ్రం, మధ్యలో రేకు ముందుకూ వెనక్కూ పోతూ సాగుతుంది. అది సాగదీయగలదు, కుదించలేదు. పెద్ద, మెల్లటి ఉబ్బు ఉన్న ప్యానెళ్లకు దానికి సాటి లేదు. కానీ ఒక విమానానికి కావలసిన ఫెయిరింగుల్లో అరచేతి నుంచి మూరెడు వరకు ఉండేవే ఎక్కువ. వాటికోసం వీల్ కొంటే ఏడాదిలో పది గంటలు కూడా తిరగదు. చవకలో దొరికే చిన్న వీల్ ఫ్రేము ఒత్తిడికి విచ్చుకుంటుంది, అప్పుడు ఎంత తిప్పినా సాగదు. ఇసుక సంచి మీద చేసిన ముక్కను నున్నగా చేయడానికి వీల్ అద్భుతంగా పనికొస్తుంది, అందుకు మాత్రం ఈఏఏ (ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్ల సంఘం) చాప్టర్‌లో ఎవరి దగ్గర ఉందో అడగండి. ఏటా జూలై చివర్లో విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో వాళ్ల విమానాల మేళా ఎయిర్‌వెంచర్ జరుగుతుంది కదా, అక్కడి షీట్ మెటల్ వర్క్‌షాపుల్లో సొంత చేత్తో చేసి చూడండి. కొనే నిర్ణయం ఆ తర్వాత.

లోహమేనా, ఫైబర్‌గ్లాసా?

వీల్ ప్యాంట్లు (చక్రాల తొడుగులు), రెక్క చివరలు, కౌలింగ్ ముక్కు: వీటిని ఆర్‌వీ అనే లోహపు విమానాల కిట్లలో కూడా ఫైబర్‌గ్లాస్‌తోనే ఇస్తారు. లోహపు విమానం డిజైన్ చేసేవాళ్లే అక్కడ గ్లాస్ ఎంచుకున్నారంటే కారణం ఉంది. లోతైన రెండు వైపుల వంపును ఇంటి పనిముట్లతో రేకులో తేవాలంటే రెండు మూడు ముక్కలు చేసి వెల్డ్ చేయాలి. గ్యాస్ వెల్డింగ్‌కు ఫ్లక్స్ (అతుకు దగ్గర రేకును శుభ్రం చేసే రసాయనం) కావాలి, ఆ పసుపు వెలుగును ఆపే ప్రత్యేకమైన అద్దాలు కావాలి, తర్వాత ఫ్లక్స్‌ను వేడినీళ్లతో పూర్తిగా కడిగేయాలి, లేకపోతే అదే రేకును తినేస్తుంది. ఈ పని నేర్చుకోవాలనే ఇష్టం ఉంటే తప్పక చేయండి, చాలా తృప్తినిచ్చే పని. విమానం త్వరగా ఎగరాలంటే గ్లాస్ తీసుకోండి.

రంగు వేయకుండా పాలిష్ చేసే విమానమైతే నేను రేకు వైపే ఉంటాను. మెరిసే చర్మం పక్కన రంగు వేసిన గ్లాస్ ముక్క అతుకు వేసినట్టు కనిపిస్తుంది. రంగు వేసే విమానానికి రెక్క మొదలు ఫెయిరింగ్ ఏదైనా సరే. గ్లాస్‌లో అసలు పని పొరలు వేయడంలో ఉండదు, తర్వాత ఫిల్లర్ (గుంటలు నింపే ముద్ద) పూసి అరగదీయడంలో ఉంటుంది, ఆ దుమ్ము వారాల తరబడి ఇల్లంతా చేరుతుంది. ఫిల్లర్‌తో బరువూ పెరుగుతుంది. 0.032 అంగుళం అల్యూమినియం చదరపు మీటరుకు 2.2 కిలోలే. మందంగా వేసి, ఫిల్లర్ పూసిన గ్లాస్ దీన్ని సులువుగా దాటేస్తుంది.

బిగించేటప్పుడు

ఫెయిరింగ్ అంచు కింద, అది ఆనుకొనే చర్మం మీద, యూహెచ్ఎమ్‌డబ్ల్యూ అనే, రాపిడిని తట్టుకునే ప్లాస్టిక్ టేపు వేయండి. లేకపోతే వణుకుడుకు అంచు రంగును కోసుకుంటూ వంద గంటల్లో రేకు దాకా దిగుతుంది. రివెట్లు వద్దు, నట్‌ప్లేట్లూ (రేకుకే బిగించి ఉండే నట్లు) స్క్రూలూ పెట్టండి, తనిఖీకి విప్పాల్సి ఉంటుంది. స్వేచ్ఛగా ఉండే అంచును ఒక మడత వేస్తే గట్టిపడుతుంది, వణకడం తగ్గుతుంది.

తోక ఫెయిరింగ్ బిగించాక తోకలో కదిలే పలకలు, ఎలివేటర్ (అడ్డ పలక), రడ్డర్ (నిలువు పలక) రెండూ కలిపి అన్ని చివరలకూ తిప్పి చూడండి. ఎలివేటర్ పైకి, రడ్డర్ ఎడమకు. ఎలివేటర్ పైకి, రడ్డర్ కుడికి. తర్వాత ఎలివేటర్ కిందికి దించి అదే మళ్లీ. ఒకరు కాక్‌పిట్‌లో స్టిక్ పట్టుకుంటే, ఇంకొకరు ఫెయిరింగ్ అంచును బొటనవేలితో కదిలే పలక వైపు నొక్కి పట్టాలి. గాలిలో అది అలాగే వంగుతుంది. నొక్కినప్పుడు కూడా ప్లాన్‌లో చెప్పినంత ఖాళీ మిగలాలి, ఎక్కడా చిన్న రాపిడి శబ్దం కూడా రాకూడదు. వస్తే అక్కడ మార్కర్‌తో గీత గీసి, విప్పి, కోసి, మళ్లీ బిగించి మొదటి నుంచి తిప్పండి.